చేను కాచిన వీరవనిత – చిట్యాల ఐలమ్మ

అన్నం మనిషికి ప్రాణాధారం. ఆ అన్నాన్ని వండి వడ్డించే బాధ్యతను సమాజం అనాదిగా స్త్రీకే అప్పగించింది. వంటింట్లోనే కాదు, పొలంలోనూ ఆమె శ్రమ అపారం. నాట్లు వేయడం, కలుపు తీయడం, కోతలు కోయడం, కళ్లంలో గింజలు తూర్పార పట్టడం, వడ్లు దంచి బియ్యం చేయడం వంటి పనుల్లో అధికభాగం స్త్రీల చేతుల మీదుగానే సాగేది. అయినా ఆ భూమి మీద గాని, పండిన పంట మీద గాని వారికి అధికారం ఉండేది కాదు. ఇంటిల్లిపాది ఆకలి తీర్చవలసినది స్త్రీ. ఇంటికి ఎన్ని గింజలు చేరాలో నిర్ణయించేది మాత్రం ఇతరులు. ఈ అన్యాయాన్ని ప్రశ్నించి, తాను పండించిన పంటను తన ఇంటికి చేర్చుకొనే హక్కు కోసం ప్రాణాలకు తెగించి నిలిచిన గ్రామీణ మహిళ చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మగా ఆమె తెలుగునాట సుప్రసిద్ధురాలు. చదువు, సంపద, అధికారం ఏవీ లేని ఒక సామాన్య స్త్రీ, కేవలం ఆత్మబలంతో ఒక మహోద్యమానికి ప్రేరణగా నిలిచిన తీరు మన చరిత్రలో ఒక ఉజ్జ్వల ఘట్టం.

ఐలమ్మ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి తెలంగాణ పల్లెల స్థితిని తెలుసుకోవడం అవసరం. అప్పుడు తెలంగాణ నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉండేది. సంస్థానంలోని భూమిలో సుమారు 60 శాతం ప్రభుత్వానికి శిస్తు చెల్లించే దివానీ భూమి. మరో 30 శాతం జాగీర్లుగా ప్రభువర్గాల వారి చేతుల్లో ఉండేది. మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూమి. దివానీ గ్రామాల్లో సైతం అసలు అధికారం దేశ్‌ముఖ్‌లది, పటేలు, పట్వారీలది. పూర్వం శిస్తు వసూలు చేసే ఉద్యోగులుగా ఉన్న దేశ్‌ముఖ్‌లు కాలక్రమంలో వేలాది ఎకరాలకు యజమానులయ్యారు. భూమి లెక్కలు పట్వారీ చేతిలో ఉండేవి. చదువురాని రైతు తరతరాలుగా దున్నుకుంటున్న పొలం, కాగితం మీద ఎవరి పేరున ఉందో అతనికే తెలిసేది కాదు. పట్వారీ కలం ఒక్కసారి కదిలితే చాలు, రైతు కూలీగా మారిపోయేవాడు.

దొరల పెత్తనానికి మరో ముఖం వెట్టిచాకిరి. కూలి లేకుండా బలవంతంగా చేయించుకొనే పనినే వెట్టి అంటారు. ప్రతి వృత్తి కులం వారూ దొర ఇంటికి, గ్రామానికి వచ్చే అధికారులకు తమ వృత్తికి సంబంధించిన పనులు ఉచితంగా చేయవలసి వచ్చేది. కుమ్మరి కుండలు, చర్మకారుడు చెప్పులు, గీత కార్మికుడు కల్లు ఇవ్వాలి. రజకులు బట్టలు ఉతకడంతో పాటు ఇతర చాకిరీ కూడా చేయాలి. వ్యవసాయ కాలంలో ఈ వెట్టి మరింత క్రూరరూపం ధరించేది. తొలకరి పడగానే ముందు దొర పొలం దున్నాలి. దొర మడులు తడిసిన తరువాతే పేదవాడి మడికి నీరు అందాలి. అదను తప్పిన సేద్యంలో పంట తగ్గడం సహజం. పండిన కొద్దిపాటి ధాన్యం కౌలుకు, అప్పులకు, మామూళ్లకు పోయేది. తిండి గింజలు నిండుకున్నప్పుడు పేదలు షావుకార్ల వద్ద, దొరల వద్ద నాగుకు ధాన్యం తెచ్చుకొనేవారు. నాగు అంటే ధాన్యం అప్పు. తెచ్చినదానికి సుమారు సగం అదనంగా కలిపి పంట కాలంలో తిరిగి కొలవాలి. ఫలితంగా కొత్త పంట కళ్లంలోనే కరిగిపోయేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం విధించిన లెవీ ధాన్యం భారం కూడా చిన్న రైతుల మీదనే పడింది. ఇన్ని చేతులు దాటిన తరువాత ఇంటి గుమ్మిలో మిగిలే గింజలతో పిల్లల కడుపు నింపవలసిన కష్టం తల్లులది.

ఇటువంటి కాలంలో, నేటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురం గ్రామంలో 1895 సెప్టెంబరు 26న ఐలమ్మ జన్మించింది. ఆమె తల్లిదండ్రులు ఓరుగంటి మల్లమ్మ, సాయిలు. వారిది నిరుపేద రజక కుటుంబం. ఆ కాలపు ఆచారాన్ని అనుసరించి ఐలమ్మకు బాల్యంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహం జరిగింది. పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. అత్తవారింట అడుగుపెట్టిన నాటి నుండి ఐలమ్మ జీవితం శ్రమతోనే గడిచింది. గ్రామస్థుల బట్టలు ఉతికినందుకు ప్రతిఫలంగా రైతులు పంట కాలంలో మేర పేరుతో కొంత ధాన్యం ఇచ్చేవారు. అది ఎప్పుడు ఎంత దొరుకుతుందో రైతుల దయ మీద, వర్షాల మీద ఆధారపడి ఉండేది. సంతానం పెరిగేకొద్దీ ఆ గింజలు కుటుంబానికి చాలలేదు.

చేతినిండా పని ఉన్నా ఇంట్లో తిండి లేకపోవడానికి కారణం తమకంటూ సేద్యం లేకపోవడమేనని ఐలమ్మ గ్రహించింది. కులవృత్తి మీదనే ఆధారపడితే ఎల్లకాలం ఇతరుల గడపల ముందు నిలబడక తప్పదు. నాలుగు గింజలు సొంతంగా పండించుకుంటే ఆ అవసరం తీరుతుంది. ఈ ఆలోచనతో ఆమె మల్లంపల్లి భూస్వామి కొండలరావుకు పాలకుర్తిలో ఉన్న 40 ఎకరాల భూమిని కౌలుకు తీసుకొంది. అందులో నాలుగు ఎకరాలను కుటుంబమంతా కలిసి సాగులోకి తెచ్చింది.

నేటి దృష్టికి ఇది సామాన్య విషయంగా కనిపించవచ్చు. ఆనాటి సమాజంలో మాత్రం ఇది పెద్ద సాహసం. వెట్టి చేయవలసిన కులానికి చెందిన స్త్రీ ఒక భూస్వామితో కౌలు ఒప్పందం చేసుకోవడం, తన పేరుతో వ్యవసాయం నిర్వహించడం గ్రామ పెద్దలకు మింగుడుపడని విషయం. సొంత సేద్యం ఉన్న కుటుంబం నాగు ధాన్యం కోసం చేయి చాచదు. చేయి చాచని వారిని బెదిరించి వెట్టి చేయించుకోవడం కష్టం. అందువల్ల ఐలమ్మ సాగు చేసిన నాలుగు ఎకరాలు విస్తీర్ణంలో చిన్నవే అయినా, దొరల పెత్తనానికి మాత్రం అవి పెద్ద సవాలుగా పరిణమించాయి.

మొదటి ఘర్షణ గ్రామ పట్వారీతో మొదలైంది. పాలకుర్తి పట్వారీ శేషగిరిరావు, ఐలమ్మ కుటుంబం తన పొలంలో పనిచేయాలని ఒత్తిడి చేశాడు. తన చేను పనులు మానుకొని మరొకరి చేనులో ఊరకే శ్రమించడానికి ఐలమ్మ అంగీకరించలేదు. పట్వారీ మాటను కాదనడం నాటి పల్లెల్లో ఊహకు కూడా అందని విషయం. నాటి నుండి ఆమె కుటుంబం మీద వేధింపులు ప్రారంభమయ్యాయి.

ఆ సమయంలోనే తెలంగాణ పల్లెల్లో ఒక కొత్త చైతన్యం వ్యాపిస్తున్నది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశం జరుపుకొన్న ఆంధ్రమహాసభ, మొదట భాషా సాంస్కృతిక వికాసానికి, సంఘ సంస్కరణకు కృషి చేసింది. క్రమంగా రైతుల కష్టాలు దాని ప్రధాన విషయాలయ్యాయి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ మహాసభ తరువాత అది పేద రైతుల, కూలీల సంస్థగా రూపొందింది. ఊరూరా శాఖలు వెలిశాయి. వెట్టి నిర్మూలన, అక్రమ వసూళ్ల నిలుపుదల, కౌలుదారులకు రక్షణ దాని ప్రధాన కోరికలు. పల్లె ప్రజలు దానిని ఆత్మీయంగా సంఘం అని పిలుచుకొన్నారు. ఆత్మరక్షణ కోసం గుత్పలు, అంటే చేతికర్రలు, పట్టుకొని తిరిగే కార్యకర్తలను చూసి దానికి గుత్పల సంఘం అనే పేరు కూడా వచ్చింది.

ఐలమ్మ సంఘంలో చేరింది. ఒంటరిగా ఉన్నంతకాలం దొర తనను సులభంగా అణచివేయగలడని, పదిమందితో కలిస్తే తన మాటకు బలం చేకూరుతుందని ఆమె తెలుసుకొంది. ఆమె ఇల్లు కార్యకర్తలకు ఆశ్రయమైంది. తనకున్నంతలో వారికి అన్నం పెట్టింది. ఈ సంగతిని పట్వారీ విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చెవిన వేశాడు. పాలకుర్తికి సమీపంలోని విసునూరు కేంద్రంగా 40,000 ఎకరాల భూమిని తన అధీనంలో ఉంచుకొన్న ఆ దేశ్‌ముఖ్, జనగామ ప్రాంతంలో ఎదురులేని అధికారం చెలాయించేవాడు. సంఘ నాయకులతో పాటు ఐలమ్మ కుటుంబ సభ్యుల మీద కూడా కేసులు బనాయించారు. కాని కోర్టులో దేశ్‌ముఖ్ ఆశించిన ఫలితం రాలేదు.

అప్పుడు దేశ్‌ముఖ్ దృష్టి ఆమె చేను మీద పడింది. ఐలమ్మ బలమంతా ఆ పంటలోనే ఉందని, తిండి గింజలు లేకుండా చేస్తే ఆమె లొంగిపోతుందని, ఆమె లొంగితే సంఘం కూడా పట్టు కోల్పోతుందని అతడు భావించాడు. పట్వారీ సహాయంతో ఆ భూమి తనదేనని కాగితాలు సృష్టించుకొన్నాడు. వరి కోతకు వచ్చిన సమయంలో పంట కోసుకొని రమ్మని సుమారు వంద మందిని పాలకుర్తికి పంపాడు. ఆరుగాలం శ్రమించిన ఫలితం కళ్లెదుటే ఇతరుల పాలు కాబోతున్న క్షణమది. ఆ పంట పోతే ఆ సంవత్సరమంతా కుటుంబానికి ఆకలే గతి. మరల నాగు ధాన్యం కోసం దొర గడప తొక్కక తప్పదు.

ఐలమ్మ ఇంట్లో కూర్చొని దుఃఖించలేదు. సంఘానికి కబురు చేసి తాను స్వయంగా చేనులో నిలబడింది. భీంరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు, నల్లు ప్రతాపరెడ్డి, కట్కూరి రామచంద్రారెడ్డి మొదలైన నాయకులు, కార్యకర్తలు గుత్పలతో ఆమెకు అండగా వచ్చారు. సంఖ్యలో వారు దేశ్‌ముఖ్ మనుషుల కంటె చాలా తక్కువ. అయినా వారి పట్టుదలను చూసి దేశ్‌ముఖ్ పంపినవారు నిలువలేక పారిపోయారు. కార్యకర్తలు పొలంలో దిగి వరి కోశారు. కట్టలు కొట్టి, గింజలు రాల్చి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఇంటికి చేరిన ఆ ధాన్యపు రాశి ఆ ప్రాంతపు పేదలకు ఒక కొత్త విషయాన్ని తెలియజేసింది. దున్నినవారు గట్టిగా నిలబడితే పంట వారి ఇంటికే చేరుతుందని వారు మొదటిసారి కళ్లారా చూశారు.

ఈ పరాభవాన్ని దేశ్‌ముఖ్ సహించలేకపోయాడు. నాయకులను అరెస్టు చేయించి విసునూరుకు తరలించి చిత్రహింసలు పెట్టించాడు. అయినా ఐలమ్మ ఇంటికి చేరిన ధాన్యం, ఆమె సాగు చేసిన భూమి అతని వశం కాలేదు. చట్టంతో గెలవలేనివారు దౌర్జన్యానికి దిగారు. ఐలమ్మ ఇంటిని తగులబెట్టారు. ధాన్యాన్ని దోచుకుపోయారు. ఆమె కుమార్తె మీద అమానుషంగా అత్యాచారం జరిపారు. కుమారులు నిర్బంధాల పాలయ్యారు. ఏ కుటుంబం కడుపు నింపాలని ఆమె చేను చేపట్టిందో, ఆ కుటుంబమే ఛిన్నాభిన్నమైంది. కాలిన గోడల మధ్య నిలిచి కూడా ఆ తల్లి చేను వదులుకోవడానికి అంగీకరించలేదు. దొర కాళ్ల మీద పడితే కష్టాలు తీరుతాయన్న సలహాలు ఆమె మనసును కదల్చలేకపోయాయి. ఆమె పోగొట్టుకొన్నది చాలా ఎక్కువ. ఆ నష్టం ఏ విజయంతోనూ పూడేది కాదు. కాని తాను లొంగితే తనవంటి వందలాది కుటుంబాలు మరల తల ఎత్తలేవన్న సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు.

ఐలమ్మ చేను వద్ద రగిలిన నిప్పు ఊరూరా వ్యాపించింది. 1946 జూలై 4న కడవెండి గ్రామంలో దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. అప్పటి నుండి రైతుల ప్రతిఘటన తెలంగాణ సాయుధ పోరాటంగా రూపుదిద్దుకొంది. 1951 అక్టోబరు దాకా సాగిన ఆ పోరాటంలో స్త్రీల పాత్ర గణనీయమైనది. వడిసెలలు, రోకళ్లు, కారంపొడి ఆయుధాలుగా చేసుకొని వారు తమ ఇళ్లను, పంటలను కాపాడుకొన్నారు. దళాలకు అన్నం వండి అడవులకు చేరవేశారు. కొందరు స్వయంగా దళాల్లో చేరారు. సుమారు 3,000 గ్రామాల్లో ఉద్యమం వ్యాపించిందని, 10 లక్షల ఎకరాల భూమి పేదలకు పంపిణీ అయిందని, 4,000 మంది ప్రాణాలు అర్పించారని ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ తరువాత పంచిన భూముల్లో చాలా భాగం తిరిగి భూస్వాముల చేతుల్లోకి పోయినా, వెట్టిచాకిరి మాత్రం పూర్వపు రూపంలో మరల తల ఎత్తలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం, దీర్ఘకాలంగా భూమి సాగుచేస్తున్నవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. కౌలుదారుణ్ణి ఇష్టం వచ్చినట్లు భూమి నుండి తొలగించరాదన్న సూత్రం చట్టంలో చోటుచేసుకొంది. చట్టసభల్లో అక్షర రూపం దాల్చిన ఈ సూత్రం కోసమే అంతకు ముందు ఐలమ్మ పాలకుర్తి చేనులో నిలబడింది.

ఉద్యమం ముగిసిన తరువాత ఐలమ్మ పేరుప్రతిష్ఠలకు గాని, పదవులకు గాని ఆశపడలేదు. పాలకుర్తిలోనే సామాన్య జీవితం గడిపింది. వృద్ధాప్యంలో తనను కలిసిన స్త్రీశక్తి సంఘటన సభ్యులకు తన అనుభవాలను వివరించింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో ఆ సంస్థ రూపొందించిన మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం 1986లో వెలువడింది. అప్పటికి ఐలమ్మ జీవించి లేదు. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసింది. ఆమె మరణానికి ఐదు రోజుల ముందటి తేదీ, అంటే 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోకి వచ్చేటట్లు, ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ జరిగింది. దానివల్ల అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు లభించింది. 2005లో భారత పార్లమెంటు చేసిన సవరణతో దేశమంతటా కుమార్తెలందరికీ ఈ హక్కు విస్తరించింది.

చట్టాలు వచ్చినా ఐలమ్మ లేవనెత్తిన సమస్య నేటికీ పూర్తిగా పరిష్కారం కాలేదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వ్యవసాయంలో పనిచేసేవారిలో సగటున 43 శాతం స్త్రీలేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2011లో వెలువరించిన నివేదికలో పేర్కొంది. భూమి, విత్తనాలు, ఎరువులు, రుణాలు పురుషులతో సమానంగా అందితే ఆ స్త్రీల పొలాల్లో దిగుబడి 20 నుండి 30 శాతం దాకా పెరుగుతుందని, దానివల్ల ప్రపంచంలో 10 నుండి 15 కోట్ల మంది ఆకలి నుండి బయటపడగలరని ఆ నివేదిక అంచనా వేసింది. మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీలు నిర్వహించే కమతాలు మొత్తం కమతాల్లో దాదాపు 14 శాతం మాత్రమే. పొలంలో చెమటోడ్చే స్త్రీల సంఖ్యతో పోలిస్తే ఇది ఎంతో స్వల్పం. భూమి కాగితం మీద పేరు లేని స్త్రీని బ్యాంకు రైతుగా గుర్తించి రుణం ఇవ్వడం అరుదు. ప్రభుత్వ సహాయం కూడా ఆమెకు సులభంగా అందదు. రైతు అనగానే పురుషుడినే ఊహించుకొనే అలవాటు సమాజం నుండి ఇంకా తొలగిపోలేదు. పొలం మీద స్త్రీకి అధికారం ఉన్నప్పుడు, ఏ పంట వేయాలో, ఎంత అమ్మాలో, ఎంత ఇంటికి ఉంచాలో ఆమె నిర్ణయించగలుగుతుంది. పిల్లల ఆకలి ఎరిగిన తల్లి ఆ నిర్ణయంలో తిండి గింజలకే మొదటి స్థానం ఇస్తుంది.

ఐలమ్మ సేవలను తెలుగు ప్రజలు మరువలేదు. ఆమె జయంతిని, వర్ధంతిని తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా నిర్వహిస్తున్నది. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టడం సముచితమైన గౌరవం. అక్షరం నేర్చుకొనే అవకాశం లేక, పట్వారీ రాతలకు బలైన ఒక స్త్రీ పేరు నేడు ఒక విశ్వవిద్యాలయానికి పేరుగా నిలిచింది.

ఐలమ్మ రాజ్యాలను జయించలేదు, గ్రంథాలను రచించలేదు. నాలుగు ఎకరాల చేనును, కొన్ని బస్తాల ధాన్యాన్ని కాపాడుకోవడానికి ఆమె సర్వస్వాన్నీ పణంగా పెట్టింది. ఆ ధాన్యం విలువ అంగడి ధరతో కొలవదగినది కాదు. ఒక కుటుంబపు ఏడాది అన్నం, ఒక స్త్రీ ఆత్మగౌరవం, ఒక ప్రాంతపు విముక్తి అందులో ఇమిడి ఉన్నాయి. పండించిన వారి ఇంట్లో ఆకలి ఉండరాదని, శ్రమించే స్త్రీకి నేల మీద, పంట మీద సమాన హక్కు ఉండాలని ఆమె జీవితం బోధిస్తున్నది. కంచంలో అన్నం చూసినప్పుడు దాని వెనుక ఉన్న స్త్రీ శ్రమను గుర్తించి, ఆ శ్రమకు తగిన హక్కును కల్పించడానికి పాటుపడడమే ఆ వీరవనితకు నేటి యువతరం అర్పించగల నిజమైన నివాళి.